పది ఎకరముల స్వాతంత్ర్యము

ఒక జాతికి స్వేచ్ఛ లభించిన దినమును జ్ఞాపకముంచుకొనుట సులభమని మనము తలంతుము. పంచాంగమున ఒక తేది యుండును. ఆనాడు జెండా ఎగురును, పెద్దలు ఉపన్యసింతురు, పిల్లలకు మిఠాయిలు పంచుదురు. కాని పండుగ చేసికొనుటకు కాలు మోపు నేలయే లేని జనులు, తమ విముక్తిదినమును మరువకుండుటకై, కూలినాలి చేసి కూడబెట్టిన సొమ్ముతో ముందుగా ఒక జాగా కొని, ఆ జాగాలో ఏటేట గుమిగూడి, ఆ ఆచారమును నూటయేబది యేండ్లకు పైగా కాపాడుకొని వచ్చిన వృత్తాంతము చరిత్రలో అరుదు. అమెరికా దేశపు దక్షిణభాగమున, టెక్సాస్ రాష్ట్రములోని హ్యూస్టన్ నగరమందు, థర్డ్ వార్డు అను పాత నల్లజాతి పేట అట్టి వృత్తాంతమునకు నెలవు.

హ్యూస్టన్ తెలుగువారికి క్రొత్త ఊరు కాదు. చమురు సంస్థలలోను, వైద్యాలయములలోను, అంతరిక్ష కేంద్రమునను పనిచేయు మన కుటుంబములు అక్కడ స్థిరపడి చాలకాలమైనది. నగరమధ్యమునకు ఆగ్నేయముగా నున్న ఈ పేటను ఒరసికొని పోవు పెద్ద రహదారులపై వారును నిత్యము ప్రయాణము చేయుచునే యుందురు. ఆ దారి ప్రక్కనున్న నేల ఎవరిది, ఎట్లు వచ్చినది, ఎవరు నిలిపిరి అను ప్రశ్నలకు సమాధానము తెలిసికొనుట ఆ ఊరి అన్నము తినువారికి ఉచితమైన పని.

విషయమును మొదటినుండి చెప్పవలెను. 1863 జనవరి 1వ తేదిన అధ్యక్షుడు అబ్రహాం లింకన్ వెలువరించిన విముక్తి ప్రకటన, తిరుగుబాటు చేసిన రాష్ట్రములలోని బానిసలు నాటినుండి స్వతంత్రులని శాసించెను. కాని శాసనము ఎంత గొప్పదైనను, దానిని అమలుపరచు బలము వెంట లేనప్పుడు అది కాగితముపై వ్రాతగానే మిగులును. ఉత్తరపు సేనలు ఎంతదూరము నడచెనో అంతదూరమే ఆ ప్రకటనకు ప్రాణము వచ్చెను. సేనలు నిలదొక్కుకొనని టెక్సాసులో రెండున్నర యేండ్లపాటు బానిసత్వము యథాపూర్వముగా సాగెను. అంతమాత్రమే కాదు. లూసియానా, అర్కాన్సా, మిసిసిపీ రాష్ట్రములలోనికి సేనలు చొచ్చుకొని వచ్చుకొలది, అక్కడి యజమానులు తమ బానిసలను మందలవలె పడమటికి తోలుకొనివచ్చి టెక్సాసున దాచిరి. 1860 జనాభా లెక్కలలో 1,82,566గా నున్న టెక్సాస్ బానిసల సంఖ్య యుద్ధాంతమునకు ఇంచుమించు 2,50,000కు పెరిగినదనుటకు కారణమిదియే. విముక్తి ఒకవైపునుండి వచ్చుచుండగా, దానికి అందకుండ మనుష్యులను మరియొకవైపునకు తరలించుకొనిపోయిరన్నమాట.

1865 ఏప్రిల్ 9న దక్షిణ సేనాని లీ లొంగిపోయెను. అదే నెల 15న లింకన్ హంతకుని గుండుదెబ్బకు ప్రాణములు విడిచెను. జూన్ 2న పడమటి దక్షిణ సేనల లొంగుబాటు గాల్వెస్టన్ రేవులో పూర్తియయ్యెను. ఆ పిమ్మట జూన్ 19వ తేదిన అదే రేవుపట్టణమున మేజర్ జనరల్ గోర్డన్ గ్రేంజర్ పేర మూడవ సంఖ్య గల సాధారణ ఉత్తరువు వెలువడెను. బానిసలందరును స్వతంత్రులనియు, నిన్నటివరకు యజమానులైనవారికిని బానిసలైనవారికిని నడుమ శరీర హక్కులలోను ఆస్తి హక్కులలోను సంపూర్ణ సమానత్వము కలదనియు, ఇకమీదట వారి సంబంధము పని యిచ్చువానికిని కూలివానికిని ఉండు సంబంధమే యనియు ఆ ఉత్తరువు సారాంశము.

ఆ ఉత్తరువునకు ఉత్తరార్ధము కూడ ఉన్నది. పండుగ ఉపన్యాసములలో అది తరచుగా వినబడదు. స్వతంత్రులైనవారు ఉన్నచోటనే నెమ్మదిగా ఉండి కూలికి పనిచేయవలెననియు, సైనిక స్థావరములకడ గుమిగూడరాదనియు, సోమరులైయున్న ఎడల ఎవరును పోషింపరనియు అందు హెచ్చరించిరి. తరతరములుగా జీతము లేక చాకిరి చేసిన జనులకు, ఆ చాకిరి ముగిసిన దినముననే సోమరితనమును గూర్చి హితవు చెప్పుట మనస్సును కలచివేయును. వారికి ఒక కుంచము గింజలు గాని, ఒక కుంట నేల గాని, ఒక కాడి ఎద్దులు గాని ఆ ఉత్తరువు ఇయ్యలేదు. ఉన్నచోటనే ఉండుడని చెప్పినది. ఉన్నచోటు మాత్రము వారిది కాదు. పత్తిపంట చేతికి వచ్చువరకు ఆ వార్తను పొలములోని వారికి తెలియనీయని యజమానులు కొందరున్నట్లు, పిమ్మట ముసలితనమున తమ అనుభవములు చెప్పిన మాజీ బానిసల వాఙ్మూలములవలన తెలియుచున్నది. దేశమంతట బానిసత్వమును నిర్మూలించిన పదమూడవ రాజ్యాంగ సవరణ 1865 డిసెంబరు 6న గాని ధ్రువపడలేదు. అంతవరకు కెంటకీ, డెలవేర్ రాష్ట్రములలో బానిసత్వము చట్టబద్ధముగానే యుండెను.

అయినను జనులు తమ పండుగకు తాము ఎన్నుకొన్నది ఆ జూన్ 19వ తేదినే. వారు కొలిచినది ప్రకటన వెలువడిన దినమును గాక, అది తమ చెవిని సోకిన దినమును. 1866 మొదలు ఆ తేదిన టెక్సాస్ ఊళ్లలో విముక్తులు సమావేశమగుచు వచ్చిరి. మొదట దానిని జూబిలీ దినమనిరి. తరువాత జూన్ అను నెల పేరును, నైన్‌టీన్‌త్ అను తేది మాటయు జనుల నోట నలిగి నలిగి, మన వ్యాకరణములలోని సంధికార్యమునందువలె నడిమి అక్షరములు లోపించి, జూన్‌టీన్‌త్ అను ఒకే మాట యయ్యెను. పండితులు కట్టిన పేరు కాదది. వాడుకలో పుట్టి వాడుకలోనే స్థిరపడిన పేరు.

ఆ పండుగ తీరు మన పల్లెల జాతరను తలపించును. ఉదయమున ప్రార్థన, భక్తిగీతములు. పిమ్మట విముక్తి ప్రకటనను ఒకరు పెద్దగా చదువగా అందరును నిలువబడి వినుట. బానిసత్వమును కన్నులార చూచిన ముదుసలులు లేచి తమ కథలు చెప్పుట. మధ్యాహ్నమున గుంటలు త్రవ్వి నిప్పులపై కాల్చిన మాంసముతో బంతిభోజనములు. సాయంకాలమున బంతియాటలు, గుఱ్ఱపు స్వారీలు, ఊరేగింపులు. చినిగిన గుడ్డ తప్ప వేరెరుగని జీవితము గడచినదనుటకు గురుతుగా, ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకొని రావలెననునది ఒక నియమము.

ఆ భోజనములలో ఎఱ్ఱని పదార్థములకు ప్రత్యేక స్థానమున్నది: ఎఱ్ఱని పానీయములు, పుచ్చకాయలు, ఎఱ్ఱని మిఠాయిలు. ఆ రంగు తమ పూర్వులు చిందించిన రక్తమునకు చిహ్నమని కొందరు చెప్పుదురు. పశ్చిమాఫ్రికాలో ఒక మొక్క ఎఱ్ఱని పూదొడిమలను నీటిలో కాచి చేయు పానీయపు స్మృతి ఆ రంగులో మిగిలియున్నదని ఆహార చరిత్రకారులు కొందరు భావింతురు. ఆ మొక్క మనకు పరాయిది కాదు. మన పెరళ్లలోని ఎఱ్ఱ గోంగూరయే అది. సముద్రము దాటించి తెచ్చినప్పుడు తల్లిభాషను, పేరును, దేవతలను పోగొట్టుకొన్నవారికి నాలుకపై ఒక రంగు, ఒక పులుపు మిగిలియుండుట అసంభవమేమియు కాదు.

అయితే ఈ జాతర చేయుట ఎచ్చట? తెల్లవారి పెత్తనములోని పట్టణములలో పబ్లిక్ మైదానములు నల్లజాతివారికి దొరకుట దుర్లభము. ఊరి వెలుపలి ఏటి ఒడ్డులు, దిబ్బలు, చర్చి ఆవరణములు వారికి గతి. స్వేచ్ఛ యున్నదని చట్టము చెప్పుచున్నది, దానిని అనుభవించుటకు మాత్రము చదరపు గజము చోటు లేదు. నేల విడిచి సాము చేయుటయన్న లోకోక్తి వారి స్థితికి అక్షరాల వర్తించును. ఈ లోటును మొట్టమొదట గుర్తించి పూరించినవారు హ్యూస్టన్ విముక్తులు. వారికి నాయకుడు జాక్ యేట్స్ అను మతబోధకుడు.

యేట్స్ 1828లో వర్జీనియా రాష్ట్రమున బానిసగా పుట్టెను. అతని భార్య హారియెట్ వేరొక యజమాని క్రింద నుండెను. యుద్ధకాలమున ఆ యజమాని తన బలగముతో టెక్సాసునకు తరలిపోవ సిద్ధపడగా, అప్పటికే స్వేచ్ఛ పొందియుండిన యేట్స్, ఆలుబిడ్డలను ఎడబాయలేక, తనను గూడ బానిసగానే తీసికొనిపొమ్మని వేడి వారివెంట వచ్చెనని ఆ కుటుంబ చరిత్ర చెప్పును. స్వేచ్ఛను ప్రేమకొరకు వదలుకొని, మరల రెండేండ్లకు ఉత్తరువుతో దానిని తిరిగి పొందిన ఆ మనుష్యునికి దాని వెల ఎంతయో తెలియును. 1865లో అతడు హ్యూస్టన్ చేరి, పగలు బరువు బండి తోలుచు, రాత్రులు వాక్యము బోధించుచు, ఆంటియోక్ బాప్టిస్టు చర్చికి మొదటి కాపరి యయ్యెను.

1872లో ఆంటియోక్ చర్చివారును, ట్రినిటీ మెథడిస్టు చర్చివారును కలిసి ఒక సంఘముగా ఏర్పడిరి. యేట్సుతోపాటు అందు ముందునిలిచినవారిలో, బానిసగా పుట్టి వడ్రంగియై, టెక్సాస్ శాసనసభకు ఎన్నికైన మొదటి నల్లజాతి సభ్యులలో ఒకడైన రిచర్డ్ అలెన్ ఉండెను. రిచర్డ్ బ్రాక్, ఎలయస్ డిబుల్ ఉండిరి. వారు జూన్‌టీన్‌త్ జరుపుకొనుటకే అని సంకల్పము చెప్పుకొని పది ఎకరముల బయలు కొనిరి. దాని వెల 800 డాలర్లని కొందరు, 1,000 డాలర్లని కొందరు వ్రాసిరి. ఈ మొత్తము మనకు చిన్నదిగా తోచవచ్చును. ఏడేండ్ల క్రిందటివరకు తాము స్వయముగా ఒక ధరకు అమ్ముడుపోవు సరకులైయుండినవారు, చాకలి పని, బండి తోలకము, వంటపని, రేవుకూలి చేసి, కడుపు కట్టుకొని, కాణీకాణీ కూర్చి, తమకు ఇల్లు కట్టుకొనుటకు గాక, పంట పండించుకొనుటకు గాక, సంవత్సరమునకొక దినము అందరును కలిసి నిలువబడుటకు నేల కొనిరనునది తలచుకొన్నప్పుడు ఆ డాలర్ల బరువు తెలియును. ఆ బయలుకు వారు ఎమాన్సిపేషన్ పార్కు, అనగా విముక్తివనము అని పేరు పెట్టిరి.

వనమన్న పేరే గాని తొలిదినములలో అక్కడ వనమేమియు లేదు. దానిని బాగుచేయుటకును కావలి పెట్టుటకును ధనము లేక, చాల యేండ్లు దాని ద్వారము జూన్‌టీన్‌త్ దినమున మాత్రమే తెరచుచుండిరి. సంవత్సరములో మూడువందల అరువదినాలుగు దినములు మూసియుండి, ఒక్క దినము తెరువబడు ఆ బయలును ఒక దేవాలయముతో పోల్చిన తప్పులేదు. 1916లో దానిని నగర పాలకసంస్థకు అప్పగించిరి. పిమ్మట చాలకాలము హ్యూస్టన్ నగరములో నల్లజాతివారిని రానిచ్చు పబ్లిక్ ఉద్యానము అదొక్కటియే. పన్నుకట్టు నగరములోని పచ్చికపై కూర్చుండుటకు, పిల్లలు ఊయలలూగుటకు, వేసవిలో ఈతకొట్టుటకు, తాతలు కొన్న ఆ పది ఎకరములే వారికి దిక్కయ్యెను. 1930ల చివర అక్కడ ఆటల మందిరము, ఈతకొలను వెలసెను.

ఆ ఉద్యానపు చుట్టుగల వీథుల పేర్లు కూడ చరిత్ర చెప్పును. తూర్పువీథికి 1890లలో డౌలింగ్ వీథియని పేరుపెట్టిరి. డిక్ డౌలింగ్ బానిసత్వపు రాష్ట్రముల పక్షమున సబీన్ పాస్ యుద్ధములో విజయము సాధించిన సైనికాధికారి. ప్రక్కనున్న ట్యువామ్ వీథి పేరు ఐర్లండులో అతని జన్మస్థలమునకు సంబంధించినది. విముక్తివనమునకు వచ్చు ప్రతి తల్లియు, ప్రతి బిడ్డయు, తమను బానిసలుగా ఉంచుటకై పోరాడినవాని పేరుగల వీథినుండి నడచి రావలసియుండెను. ఈ స్థితి నూరేండ్లకు పైగా సాగి, 2017లో నగరసభ తీర్మానముతో ఆ వీథి ఎమాన్సిపేషన్ అవెన్యూ అయినది.

కాలక్రమమున ఆ వీథి నల్లజాతి హ్యూస్టన్‌కు రాజవీథి యయ్యెను. ఉద్యానమునకు ఎదుట, మూలమీద, 1939లో ఎల్డొరాడో బాల్‌రూమ్ అను నృత్యశాల వెలసెను. దానిని కట్టించినవారు క్లారెన్స్ డూప్రీ, ఆన్నా డూప్రీ అను దంపతులు. ఆన్నా కేశాలంకరణ వృత్తిలో స్వయముగా సంపాదించిన స్త్రీ. ముఖ్యులైన గాయకులు, వాద్యకారులు ఆ మేడమీద కచేరీలు చేసిరి. మేడమెట్టెక్కు స్తోమతు లేనివారికై లైట్నిన్ హాప్కిన్స్ వంటి బ్లూస్ గాయకులు గిటారు చేతబట్టి ఆ వీథిలోనే పాడిరి. పేటకు మరొకవైపున 1947లో నల్లజాతివారికై ప్రత్యేకముగా ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయము పుట్టెను. హీమన్ స్వెట్ అను తపాలా ఉద్యోగి న్యాయకళాశాలలో ప్రవేశము కోరి వ్యాజ్యము వేయగా, అతనిని తెల్లవారి కళాశాలలో చేర్చుకొనుట ఇష్టములేక రాష్ట్రము కట్టిన విద్యాలయమది. నేడు దానిని టెక్సాస్ సదరన్ విశ్వవిద్యాలయమందురు. వివక్షకు గోడగా కట్టినది విద్యకు నిలయమై, 1960 మార్చి 4న అక్కడి విద్యార్థులే తెల్లవారికి మాత్రమే వడ్డించు ఒక అంగడి భోజనపు బల్లలయెదుట శాంతముగా కూర్చుండి, నగరములో వివక్షావ్యతిరేక సత్యాగ్రహమునకు నాంది పలికిరి.

ఆ విద్యాలయములో చిత్రకళాశాఖను స్థాపించుటకు 1949లో వచ్చినవాడు జాన్ బిగ్గర్స్. అతనిని గూర్చి చెప్పుటకు ముందు, అతడు జీవితమంతయు గీసిన ఒక వస్తువును గూర్చి చెప్పవలెను. అది షాట్‌గన్ ఇల్లు.

థర్డ్ వార్డు పేదల ఇల్లు అది. వెడల్పున ఒకే గది. ముందు చిన్న అరుగు, అరుగునకు కొయ్య స్తంభములు, పైన త్రికోణపు కప్పు. గది వెనుక గది, దాని వెనుక వంటగది. నడవ యన్నది లేదు. ఒక గదినుండి మరియొక గదికి, ఒకరి పడకప్రక్కనుండి మరియొకరి పొయ్యికడకు నడచిపోవలసినదే. తలుపులన్నియు ఒకే వరుసలో నుండుటచే, వీథివాకిట తుపాకి పేల్చినచో గుండ్లు గోడ తగులకుండ పెరటిలోనికి పోవునని ఆ పేరు వచ్చెనందురు. కాని ఆ వరుస తలుపులవలననే హ్యూస్టన్ ఉక్కలో గాలి ఇల్లంతయు ఆడును. ఇంటిని ఆనుకొని ఇల్లు, అరుగునకు ఎదురుగా అరుగు. ఒకరి మాట మరియొకరికి వినబడక తప్పదు, ఒకరి కష్టము మరియొకరికి తెలియక తప్పదు. ఆ ఇంటి వంశవృక్షమును పరిశోధించిన జాన్ మైకేల్ వ్లాక్ అను పండితుడు, అది న్యూ ఆర్లీన్సునుండి హైతీ దీవికిని, హైతీనుండి పశ్చిమాఫ్రికాలోని యొరూబా జనుల ఇండ్లకును పోవునని నిరూపింప యత్నించెను. లేమికి గురుతుగా ఎంచబడిన ఆ ఇల్లు ఇట్లు ఒక వారసత్వముగా తేలెను.

బిగ్గర్స్ నార్త్ కరోలినా రాష్ట్రములో పుట్టినవాడు. 1957లో యునెస్కో సాయమున పశ్చిమాఫ్రికా తిరిగి వచ్చినవాడు. తన విద్యార్థులు ఊహించుకొన్న దేశములను గాక, తమ అమ్మమ్మలను, తమ వీథిని, తమ చర్చిని గీయవలెనని అతని బోధ. చదువు ముగించుకొను విద్యార్థి విశ్వవిద్యాలయ భవనపు గోడపై ఒక భిత్తిచిత్రము వ్రాసిపోవలెననునది అతడు నెలకొల్పిన సంప్రదాయము. అతడు స్వయముగా 1953లో ఈ పేటలోని బ్లూ ట్రయాంగిల్ స్త్రీసంఘ మందిరపు గోడపై, బానిసలను చీకటిలో నడిపించి విడిపించిన హారియెట్ టబ్‌మన్ నడుమ నుండగా, నల్లజాతి స్త్రీల సేవలను చిత్రించెను.

1987లో అతడు వ్రాసిన 'షాట్‌గన్స్' అను పటమును ఒక్క నిమిషము చూతము. క్రింద రైలుపట్టాలు. వాని వెనుక షాట్‌గన్ ఇండ్ల వరుస. దాని వెనుక మరియొక వరుస. కప్పుల త్రికోణములు ఒకదానిపై నొకటి లేచి, పాతబట్టల పేలికలు చేర్చి కుట్టిన బొంతవలె ఆకాశమువరకు అల్లుకొనిపోవును. ప్రతి అరుగుమీదను ఒక స్త్రీ స్తంభమువలె నిలువబడియుండును. ప్రతి స్త్రీ చేతులలోను ఒక చిన్న షాట్‌గన్ ఇల్లు. బిడ్డను పట్టుకొన్నట్లు కాదు, నైవేద్యము పట్టుకొన్నట్లు. ఇంటిని ఇల్లాలు మోయునో, ఇల్లాలిని ఇల్లు మోయునో చెప్పరాని ఆ నిలుకడయే ఆ పటమునందలి తత్త్వము. పురపాలకులు కూల్చదగిన శిథిలములని ఎంచిన వానిలో ఆ చిత్రకారుడు గర్భగుడులను చూచెను.

కాని ఇండ్లు నిజముగా కూలుచునే యుండెను. పెద్ద రహదారులు పేటను చీల్చినవి. స్తోమతు గలవారు ఇతర పేటలకు పోయిరి. 1970ల మొదట ఎల్డొరాడో మూతపడెను. జూన్‌టీన్‌త్ పండుగ కూడ నడుమ కొన్ని దశాబ్దములు క్షీణించియుండెను. 1968 జూన్ 19న వాషింగ్టన్‌లో జరిగిన పేదల ఉద్యమపు మహాసభ ఆ తేదిని మరల దేశమునకు జ్ఞాపకము చేసెను. హ్యూస్టన్ ప్రతినిధి ఆల్ ఎడ్వర్డ్స్ 1979లో ప్రవేశపెట్టిన బిల్లు చట్టమై, 1980 జనవరి 1నుండి అమలులోనికి రాగా, జూన్‌టీన్‌త్‌ను రాష్ట్రపు సెలవుదినముగా అంగీకరించిన మొదటి రాష్ట్రము టెక్సాస్ అయ్యెను. సెలవు వచ్చెను, సెలవునాడు నిలువవలసిన పేట మాత్రము కుంగుచుండెను.

అప్పుడు ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఆ పేట గతిని మార్చినది. అలబామా పల్లెనుండి వచ్చిన రిక్ లో అను యువచిత్రకారుడు 1990 ప్రాంతమున పేదల కష్టములను చూపు బొమ్మలు చేయుచుండెను. అతని పనిచోటికి వచ్చిన హైస్కూలు విద్యార్థులలో ఒకడు, ఈ కష్టములు మాకు తెలిసినవే, మరల మీరు చూపనక్కరలేదు; మీరు సృష్టికర్తలైనచో ఒక పరిష్కారమును ఏల సృష్టింపరాదు అని భావము వచ్చునట్లు అడిగెను. ఆ ప్రశ్న అతని గుండెకు తగిలెను. బిగ్గర్స్ చిత్రములు అప్పటికే అతని కన్నులలో నున్నవి. 1993లో అతడును, జేమ్స్ బెట్టిసన్, బెర్ట్ లాంగ్, జెస్సీ లాట్, ఫ్లాయిడ్ న్యూసమ్, బెర్ట్ శాంపిల్స్, జార్జ్ స్మిత్ అను ఆరుగురు కళాకారులును కలిసి, హోల్మన్ వీథిలో కూల్చివేతకు సిద్ధముగా నున్న 22 షాట్‌గన్ ఇండ్లను చేపట్టిరి. ప్రాజెక్ట్ రో హౌసెస్ అని దానికి పేరు.

మొదటి పని బొమ్మలు గీయుట కాదు, చెత్త ఎత్తుట. అల్లుకొనిపోయిన తీగలను కోసిరి, కుళ్లిన పలకలు మార్చిరి, తెల్లరంగు వేసిరి. కళాశాలల ఉద్యోగులు, కంపెనీల పనివారు, చర్చి సభ్యులు, ఇరుగుపొరుగువారు తలకొక ఇల్లు పంచుకొని శ్రమదానము చేసిరి. కొన్ని ఇండ్లను కళాకారులకు అప్పగించిరి. వారు వంతులవారీగా వచ్చి, ఇల్లంతటిని ఒక కళాఖండముగా తీర్చి, పేటవారి కథలనే పేటవారికి చూపుదురు. మరికొన్ని ఇండ్లను, చదువుకొనుచు బిడ్డలను పెంచుకొను ఒంటరి తల్లులకు 1996 మొదలుగా ఇచ్చిరి. ఒక అరుగుమీద ప్రదర్శనకు వచ్చిన అతిథులు, ప్రక్క అరుగుమీద బిడ్డకు అన్నము పెట్టు తల్లి. ఈ రెండును ఒకే కళలోని భాగములని వారి సిద్ధాంతము. బిగ్గర్స్ పటములో ఇల్లు చేతబట్టుకొన్న స్త్రీకి తొమ్మిదేండ్ల తరువాత నిజముగా ఇల్లు దొరికినది.

ఈ కళాకారులు నూతనమైనదేమియో కనిపెట్టిరని పత్రికలు వ్రాసినవి. ఆ పని గొప్పదనమునకు నేనును చేయి జోడింతును. కాని నా మనవి యేమనగా, వారు చేసినది 1872లో యేట్స్, అలెన్ మొదలగువారు చేసినదే. జ్ఞాపకము మనస్సులో మాత్రముండిన అది మనుష్యునితో పోవును. మాటలో మాత్రముండిన గాలికి పోవును. నేలపై పాదుకొన్నప్పుడే అది బిడ్డలకు సంక్రమించును. బోధకులు నేల కొనిరి, చిత్రకారులు ఇండ్లు నిలిపిరి. ఇద్దరును ముందు చోటు సంపాదించి, పిమ్మట పండుగను, కళను అందు ప్రతిష్ఠించిరి. ఎల్డొరాడో మందిరము కూడ 1999లో ఈ సంస్థకే దానముగా వచ్చి, పునరుద్ధరింపబడి, 2023లో మరల తెరువబడినది.

విముక్తివనమునకును మంచిదినములు వచ్చినవి. వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియము రూపకర్తలలో ఒకడైన ఫిల్ ఫ్రీలన్ అను వాస్తుశిల్పి ప్రణాళిక ప్రకారము, మూడుకోట్ల డాలర్లకు మించిన వ్యయముతో పునర్నిర్మింపబడి, 2017 జూన్‌టీన్‌త్ వేళకు అది ప్రజలకు అంకితమయ్యెను. 2020 మే 25న మినియాపొలిస్‌లో పోలీసు మోకాలి క్రింద ప్రాణములు కోల్పోయిన జార్జ్ ఫ్లాయిడ్ ఈ థర్డ్ వార్డులో పెరిగి, జాక్ యేట్స్ పేరుగల ఉన్నత పాఠశాలలో చదివినవాడే. ఆ దుఃఖమువెంట దేశమంతయు జూన్‌టీన్‌త్ అర్థమును వెదకుకొన్నది. 1939 జూన్ 19న తన పన్నెండవ యేట తన ఇంటిని తెల్లవారి గుంపు ధ్వంసము చేయగా చూచిన ఫోర్ట్‌వర్త్ ఉపాధ్యాయిని ఓపల్ లీ, ఎనుబదితొమ్మిదవ యేట కాలినడకను ప్రచారమునకు బయలుదేరి, ఊరూర రెండున్నర మైళ్లు నడచెను. ఆలస్యమైన రెండున్నర యేండ్లకు అది గురుతు. 2021 జూన్ 17న జూన్‌టీన్‌త్ జాతీయ సెలవుదినమైనప్పుడు ఆమె అధ్యక్షుని ప్రక్కనే యుండెను. రెండు దినములకు గాల్వెస్టన్‌లో, ఉత్తరువు వెలువడిన స్థలమునకడ, హ్యూస్టన్ చిత్రకారుడు రెజినాల్డ్ ఆడమ్స్ తన బృందముతో వ్రాసిన అయిదువేల చదరపు అడుగుల భిత్తిచిత్రము ఆవిష్కృతమయ్యెను. దాని పేరు 'సంపూర్ణ సమానత్వము'. ఉత్తరువులోని మాటయే అది.

అయినను నిశ్చింతగా ఉండదగిన కాలము కాదు. నగరమధ్యమునకు దగ్గరైన నేల గనుక థర్డ్ వార్డులో వెల పెరుగుచున్నది. పాత ఇండ్ల చోట ఎత్తైన క్రొత్త మేడలు లేచుచున్నవి. తాతల ఇండ్లకు మనుమలు పన్ను కట్టలేకున్నారు. విముక్తులు మొదట తలదాచుకొన్న ఫోర్త్ వార్డులోని ఫ్రీడ్‌మెన్స్ టౌన్ పేట ఇదివరకే చాలభాగము రూపుమాసినది. యేట్స్ కట్టుకొన్న ఇల్లు తన వీథిని విడిచి ఒక ఉద్యానపు ప్రదర్శనశాలలో నిలిచియున్నది. ఇల్లు మిగిలి వీథి పోయిన పిమ్మట అది చూచుటకు వస్తువే గాని నివసించుటకు చోటు కాదు. సెలవుదినమును దేశమంతటికి ఇచ్చి, ఆ దినమును కాపాడిన పేటను మాత్రము పోగొట్టుకొన్నచో, ఆ గౌరవము కాగితముపై వ్రాతగానే మిగులును. ఆ వ్రాత గతి ఎట్టిదో 1863 నుండి 1865 వరకు టెక్సాస్ చూచియున్నది.

హ్యూస్టన్‌లో నివసించు తెలుగు సోదరులకు నాదొక విన్నపము. జూన్ 19న కార్యాలయములకు సెలవు వచ్చినప్పుడు, పిల్లలను వెంటబెట్టుకొని ఎమాన్సిపేషన్ అవెన్యూకు పొండు. ఆ చెట్లక్రింద కూర్చుండుడు; హోల్మన్ వీథి అరుగులయెదుట కొంచెము నిలువబడుడు; ముదుసలులు పలుకరించిన వినుడు. ఆ నేలను కొన్నవారికి చదువు అంతంతమాత్రము, ఆస్తి శూన్యము. కొనుటకు ఏడేండ్ల పూర్వమువరకు వారు తమకు తామే సొంతము కారు. అట్టివారు 1872లో కొన్న ఆ బయలు, ఒక్కరి ఇల్లు గాని, ఒక్కరి అంగడి గాని కాక, నేటికిని అందరి ఉద్యానముగానే యున్నది.